కర్రలో ఆట

బ్రేమెన్‌లో ఉండే ఆ లారీ డ్రైవరుకి కుడిచేతి బొటనవేలు లేదు. అందుకని గెర్లిండ ఉదయం ఆరున్నర నుంచీ తన బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగిలిన నాలుగు వేళ్ళతో అతని జాయ్‌స్టిక్‌ని పట్టుకుని చూస్తోంది. బొటనవేలితో నొక్కాల్సిన మీట మధ్యవేలికి అందాలి. పిడి పక్కన చిన్న ఇత్తడి చెవి ఒకటి చేసి బిగించింది. రెండుసార్లు నొక్కింది. మూడోసారి వేలు కొంచెం సాగాల్సి వచ్చిందని తీసేసి, ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది మళ్ళీ బిగించింది. ఇప్పుడు వేలు తనంతట తనే వెళ్ళి దాని మీద వాలింది. ఇంక చాలు.

మూడంతస్తుల ఇంటి కింద నేలమాళిగ అది. ఇరుగుపొరుగు సైకిళ్ళు, బంగాళాదుంపల బస్తాలు, జాం సీసాలు అన్నీ అక్కడే. వాటి మధ్య ఆమెకి దక్కిన గదిలో ఆమెకంటే వయసులో పెద్దదైన లేత్ ఒకటి, బెంచి, బెంచికి వైస్, గోడకి వరసగా పద్నాలుగు ఆకురాళ్ళు. ఆమెకి అరవై రెండేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, చెవుల దాకా కత్తిరించిన తెల్లజుట్టు. నీలం పనికోటు పైజేబులో వెర్నియర్ కొలబద్ద లేకుండా ఆమెని చూసినవాళ్ళు మా ఊళ్ళో తక్కువ. వేళ్ళ గీతల్లో నలభై నాలుగేళ్ళ నూనె ఇంకిపోయి ఉంది, ఏ సబ్బుకీ వదలదు. వదిలించుకోవాలని ఆమె ప్రయత్నించిందీ లేదు.

వారంలో ఐదు రోజులు ఊరి చివరి కర్మాగారంలో కవాటాల ముక్కలు చేస్తుంది. శనివారాలు ఈ జాయ్‌స్టిక్ కర్రలు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని విమానాలు నడిపే జనం ఇంతమంది ఉన్నారని ఆమెకే మొదట తెలియదు. అరిగిపోయినవీ, విరిగిపోయినవీ, తమ చేతికి అందనివీ పెట్టెల్లో పెట్టి పంపిస్తారు. ప్లాస్టిక్ ఉన్నచోట ఇత్తడి, ఇత్తడి ఉన్నచోట ఉక్కు వేసి తిప్పి పంపుతుంది. ఇప్పటికి మూడు వందల పన్నెండు. ఆమె మాత్రం జన్మలో విమానం ఎక్కలేదు. ఒకసారి చెల్లెలు ఎక్కిద్దామని తీసుకెళితే మెట్ల దగ్గరే కడుపులో తిప్పి వెనక్కి వచ్చేసింది.

చేసిన ప్రతి ముక్క మీదా చిన్న ముద్ర వేస్తుంది. గుండ్రటి గీతలో ఒక చుక్క. ఆ ముద్ర అచ్చు మేస్త్రీ స్టోల్ ఇచ్చాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్ళింది. ఆ షాపులో మొదటి ఆడపిల్ల. ఆమె చేసిన మొదటి బుష్‌ని, పిన్ను దూరే చిన్న గొట్టాన్ని, ఆయన వెలుతురుకి పట్టి చూసి, పిన్ను దూర్చి కదిపి, తుక్కుడబ్బాలో వేశాడు. రెండోదీ అంతే. పదకొండోదాన్ని కదిపితే కదల్లేదు. ఆయన దాన్ని బెంచి మీద పెట్టి, పక్కన ఈ అచ్చు పెట్టి వెళ్ళిపోయాడు. కొలతకి రానిదాని మీద పేరు వెయ్యకు అన్నది ఒక్కటే ఆయన ఆమెకి చెప్పిన పాఠం. ఆమె దాన్ని ఎంత పట్టుకుందంటే, నాలుగేళ్ళు కాపురం చేసిన ఫోల్కెర్ అనే మొగుడు, నువ్వు నన్ను కూడా వెర్నియర్ పెట్టి చూస్తున్నావు అని ఒక రోజు పెట్టె సర్దుకుని పోయాడు. ఆ మాటలో అబద్ధం లేదని ఆమె ఒప్పుకుంటుంది.

మా వైపు జనానికి మెచ్చుకోవడం రాదు. అద్భుతం, అమోఘం లాంటి మాటలు నోట్లో పెట్టుకుంటే నాలుక తిమ్మిరెక్కుతుంది. బాగుందనడానికి ఒకటే మాట: సరిపోయింది. ఆ మాట వస్తే ఇంక దాని మీద మాట లేదు. మూడు వందల పదకొండు కర్రలకి ఏదో ఒక రూపంలో ఆ మాట వచ్చింది, ఉత్తరంలోనో ఫోనులోనో. ఒక్కదానికి రాలేదు. అదీ దూరదేశంలో కాదు, సందు చివర వృద్ధాశ్రమంలో. పది రోజుల కిందట ఒట్మార్ హేగెలె గారికి కర్ర బాగుచేసి ఇస్తే ఆయన రెండుసార్లు కదిపి చూసి, “నడుస్తుంది,” అన్నాడు.

నడుస్తుంది. ఆ మాట పది రోజులుగా ఆమె కడుపులో రాయిలా కూర్చుంది.

పదకొండున్నరకి ఫోను మోగింది. ఆశ్రమంలో నర్సు మిర్యానా.

“గెర్లిండగారూ, మీరేమీ అనుకోకండి. మీరు బాగుచేసి ఇచ్చినప్పటి నుంచీ పెద్దాయన దాన్ని ముట్టుకోలేదు. ఇవాళ నాలుగింటికి క్లబ్బు వాళ్ళతో ఎగరాలి కదా. తను రానని వాళ్ళకి చెప్పేయమంటున్నారు నన్ను.”

“మళ్ళీ పాడైందా?”

“పాడైతే పాడైందని అంటారు కదండీ. ఏమీ అనడం లేదు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.”

నవంబరులో మూడో శనివారం ఆ క్లబ్బు వాళ్ళకి పెద్ద రోజు. ఒకప్పుడు చెక్క గ్లైడర్లలో, ఇంజను లేకుండా, ఆల్బ్ కొండల అంచు పట్టుకుని గాలి మీద తేలుతూ పోయి తిరిగి వచ్చిన ఐదుగురు ముసలివాళ్ళు. ఇప్పుడు ఒకరికి గుండె, ఒకరికి కళ్ళు. ఎవరి ఇంట్లో వాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని, అదే దారిలో, ఒకరి వెనక ఒకరు ఎగురుతారు. ఆ దారి మొదట పట్టింది ఒట్మార్, పంతొమ్మిది వందల డెబ్భై ఒకటిలో. అందుకని ఎప్పుడూ ముందు ఆయన. ఎనభై నాలుగేళ్ళ మనిషి ఈసారి రానన్నాడంటే మళ్ళీ ఏడాదికి ఉంటాడో లేదో.

గెర్లిండ పనికోటు విప్పకుండానే పైకి వచ్చింది. మెట్ల మలుపులో పై అంతస్తు రీకరమ్మ నిలబడి ఉంది, గెర్లిండ తలుపుకి తగిలించి ఉన్న చెక్కపలకని చూస్తూ. ఈ వారం మెట్లు ఊడ్చే వంతు ఎవరిదో చెప్పే పలక అది. ఈ ఇంట్లో దేవుడి మాట తర్వాత ఆ పలక మాటే.

“శనివారం వచ్చింది. మెట్లు వాటంతట అవే ఊడ్చుకుంటాయేమోనని చూస్తున్నా,” అంది రీకరమ్మ.

“వచ్చి ఊడుస్తానండీ.”

“వచ్చి ఊడుస్తారా? ముప్పై ఏళ్ళలో ఈ మాట మీ నోట వినలేదే.”

గెర్లిండ అప్పటికే చేతిలోకి తీసుకున్న చీపురుని గోడకి ఆనించి వెళ్ళిపోయింది.

ఒట్మార్ గదిలో కిటికీ ముందు పెద్ద తెర. తెర ముందు కుర్చీ. కుర్చీ ముందు, గ్లైడరులో ఉన్నట్టే రెండు మోకాళ్ళ మధ్యకి వచ్చేలా, ఇనప పీఠం మీద నిలబెట్టిన పొడవాటి కర్ర. ఆ పీఠం కూడా ఆరేళ్ళ కిందట ఆమె చేసిందే. ఆ కర్ర మీద ఇప్పుడు ఒక గళ్ళ స్వెట్టరు వేలాడుతోంది.

అది చూడగానే ఆమెకి ఒళ్ళు మండింది. బట్టలు తగిలించుకోవడానికి గోడకి మేకు చాలు, దానికి ఇత్తడి ఎందుకు.

“చలేస్తోందని కప్పారా దానికి?” అంది.

“కూర్చో అమ్మాయ్. కాఫీ తాగుతావా?” ఒట్మార్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. సన్నగా, నిటారుగా ఉంటాడు. ఎప్పుడూ బొత్తాలు పెట్టిన చొక్కా వేసుకునే మనిషి ఇవాళ బొత్తాలు లేని బనీనులో ఉన్నాడు.

“కాఫీ తర్వాత. ఏం లోటు జరిగిందో చెప్పండి.”

“లోటేం లేదు. నడుస్తుంది.”

“ఆ మాట నా దగ్గర అనకండి. నడిచేది చక్రాల కుర్చీ. ఇది నేను చేసింది.”

ఆయన నవ్వాడు. నవ్వి, కిటికీ వైపు తిరిగాడు.

“మా గ్లైడరు కర్రకి మధ్యలో కొంచెం ఆట ఉండేది. ఇదిగో, ఇంత. బిగించమని క్లబ్బులో నలుగురూ పోరేవాళ్ళు. నేను పడనివ్వలేదు. నా పాత జాయ్‌స్టిక్‌కి కూడా అరిగి అరిగి అంత ఆట వచ్చింది. నువ్వు దాన్ని తీసేశావు.”

మా యాసలో ఆడుకునే ఆటకీ, యంత్రంలో రెండు ముక్కల మధ్య వదులుకీ ఒకటే మాట. పనివాళ్ళకి మాత్రం ఆ రెండోది బూతుమాటతో సమానం. ఆట ఉన్న బుష్ తుక్కుడబ్బాకి వెళుతుంది. ఎవరైనా కర్ర తెచ్చి ముందు పెడితే గెర్లిండ మొదట చేసేది ఆ ఆటని వెతికి చంపడమే. అడగాలని కూడా తోచదు. పన్ను నొప్పి అని వచ్చినవాణ్ణి, నొప్పి ఉంచమంటారా అని ఎవరు అడుగుతారు?

“గ్లైడరులో ఉంటే అర్థం ఉంది. గాలి కర్రని కదుపుతుంది, మీకు తెలుస్తుంది. కంప్యూటరులో గాలి ఎక్కడిదండీ?” అంది.

ఒట్మార్ దుప్పటి మడత సర్దాడు.

“ఒకసారి పట్టుకుని చూపించండి.”

“ఎందుకులే.”

“చూడందే నేను ఏం చెయ్యను?”

ఆమె స్వెట్టరు తీసి మడిచి మంచం మీద పెట్టింది. తెర వెలిగించింది. ఆయన బద్ధకంగా లేచి కుర్చీలో కూర్చుని, కర్రని పట్టుకున్నాడు. తెర మీద కొండలు వచ్చాయి, గ్లైడరు ముక్కు వచ్చింది. ముక్కు కుదురుగా లేదు. రెక్కలు కుడికీ ఎడమకీ సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. ఆయన రెండో చెయ్యి కూడా వేశాడు. ఇంకా ఎక్కువైంది. చటుక్కున రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“చూశావుగా. మరీ చురుకు,” అన్నాడు.

గెర్లిండ తెరని చూడటం లేదు. ఒళ్ళో పెట్టుకున్న చేతిని చూస్తోంది. బల్ల మీద కాఫీ కప్పు ఉంది, సగానికే పోసి ఉంది. బొత్తాలు లేని బనీను సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది. పాత కర్రలోని వదులు ఈ వణుకునంతా తనలోనే ఉంచుకునేది. చెయ్యి ఎంత వణికినా ఆ వదులు దాటి ఇరుసు దాకా పోయేది కాదు, విమానం కుదురుగా పోయేది. ఆమె దాన్ని మిల్లీమీటరులో నూరో వంతుకి బిగించింది. ఇప్పుడు ఆ చెయ్యి ఎలా ఉందో నలుగురు స్నేహితులకీ తెర మీద కనిపిస్తుంది. అది ఆయన చెప్పడు. చెప్పడం కంటే ఎగరడం మానేస్తాడు.

గెర్లిండ చెయ్యి చాపి తెర ఆర్పింది.

“తప్పు నాదే,” అంది. “కొలత తప్పింది.”

ఒట్మార్ తలెత్తి చూశాడు. ఆమె నోట ఆ మాట వచ్చిందని తెలిస్తే కర్మాగారంలో మిషన్లు ఆపి వినేవాళ్ళు.

“స్టోల్ ఉంటే ఏమనేవాడు?” అన్నాడు.

“ఆయన విమానం ఎక్కలేదు కదండీ.”

“నువ్వూ ఎక్కలేదు.”

“అందుకే తప్పింది. నాలుగింటికి వస్తారని చెప్పండి వాళ్ళకి.” పీఠం మరలు విప్పి, కర్రని తీసి చంకలో పెట్టుకుంది. “కాఫీ అప్పుడు తాగుతా.”

ఇంటికి వచ్చేసరికి పన్నెండున్నర. చీపురు గోడ దగ్గర అలాగే ఉంది. పొయ్యి మీద పొద్దున వండి పెట్టిన పప్పూ సాసేజీలూ ఉన్నాయి, వాటి వంక కూడా చూడలేదు. నేలమాళిగకి దిగి, అరలోంచి దగ్గుబిళ్ళల డబ్బా ఒకటి తీసింది. పాత ముక్కలు ఏవీ పారెయ్యదు. అందులో ఉంది ఒట్మార్ కర్రలోంచి తీసిన ప్లాస్టిక్ బుష్, పగులుతో సహా. కర్ర కింది కొన పిన్ను దాని రంధ్రంలో దూరుతుంది. కర్ర వంగితే పిన్ను బుష్‌ని తోస్తుంది, ఇరుసు తిరుగుతుంది, అంతే సంగతి. పిన్ను మందం ఆరు మిల్లీమీటర్లు. ఆమె వేసిన ఇత్తడి బుష్ రంధ్రం ఆరు మీద నూరో వంతు. పాతదాన్ని ఇప్పుడు మళ్ళీ కొలిచింది. ముందుకీ వెనక్కీ ఆరున్నరకి కొంచెం తక్కువ, పక్కలకి ఇంకా తక్కువ. గుండ్రంగా లేదు. పదేళ్ళ పాటు ఒక మనిషి చెయ్యి అరగదీసిన కోడిగుడ్డు ఆకారం అది. పది రోజుల కిందట ఇదే కొలత పుస్తకంలో రాసి పక్కన “అరిగింది” అని రాసుకుంది. అరిగింది కాదు, అమరింది అని అప్పుడు తట్టలేదు.

లేత్ మీద ఇత్తడి కడ్డీ బిగించి కొత్త బుష్ కోసింది. బయటి కొలత ఎప్పటిలాగే నూరో వంతుకి వచ్చింది, చెయ్యి దానంతట అదే చేసింది. లోపల రంధ్రం వేసి, అంచుల పదును తీసి, యంత్రం ఆపేసరికి చర్చి గంట ఒకటి కొట్టింది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా మా ఇళ్ళల్లో యంత్రం తిరగకూడదు. అందరూ నడుం వాల్చే వేళ. ఒక్క నిమిషం లేత్ మోగినా పైన రీకరమ్మ కర్రతో నేల పొడుస్తుంది. అయినా ఇప్పుడు లేత్‌తో పని లేదు. లేత్‌కి గుండ్రంగా తప్ప కోయడం రాదు. కోడిగుడ్డు చేతితోనే రావాలి.

గోడ మీంచి అన్నిటికంటే సన్నని గుండ్రటి ఆకురాయి తీసింది. బుష్‌ని వైస్‌లో రాగి దవడల మధ్య పట్టించింది. మొదటి రుద్దుకి చెయ్యి ఆడలేదు. నలభై నాలుగేళ్ళు వదులు లేకుండా చేసిన చేతిని, కావాలని వదులు చెయ్యమంటే ఎలా ఒప్పుకుంటుంది? ఆమె ఊపిరి బిగబట్టి రుద్దింది. మళ్ళీ రుద్దింది. ముందుకి పది, వెనక్కి పది, పక్కలకి ఆరు. రజను ఊదింది. పిన్ను దూర్చింది. పాత ప్లాస్టిక్ ముక్కనీ కొత్త ఇత్తడినీ ఒకదాని తర్వాత ఒకటి వేళ్ళతో పట్టుకుని కదిపి, కళ్ళు మూసుకుని, రెంటిలో తేడా వెతికింది. ఇంకా రెండు రుద్దులు. ఇంకొకటి. తేడా పోయింది.

చేతిలో పనితనం ఉంటే ఎంత గట్టిగా ఉందో తెలుస్తుంది గాని, ఎంత వదులుగా ఉండాలో తెలియాలంటే ఎదుటి మనిషి తెలియాలి. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. గంటన్నర సేపు ఇత్తడిని రుద్దుతున్నప్పుడు ఆమె ముఖం చూస్తే మాత్రం తెలిసేది.

ఆకురాయి గోడకి తగిలించబోయి ఆగింది. పాత బుష్ పగిలే నాటికి ఉన్న చెయ్యి వేరు, ఇవాళ చూసిన చెయ్యి వేరు. రేపు ఇంకా వణుకుతుంది. ఒక్క వెంట్రుక మేర ఎక్కువ రుద్దింది, రాబోయే రోజుల కోసం. పుస్తకం తెరిచి, ఆయనకి కావలసిన రెండు కొలతలూ రాసి, ఎదురుగా ఒట్మార్ హేగెలె అని రాసింది. అప్పుడు బుష్‌ని కొలిచింది. రాసిన అంకెకీ దీనికీ తేడా లేదు. కొలతకి వచ్చింది. ముద్ర అచ్చు దాని అంచు మీద పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. మేస్త్రీ స్టోల్ వెనక నుంచి చూస్తున్నట్టే అనిపించింది. చూడనీ.

నాలుగింటికి పావు తక్కువలో కర్ర పీఠం మీద ఉంది. ఒట్మార్ తెల్ల చొక్కాలో ఉన్నాడు. బొత్తాలు మిర్యానా పెట్టినట్టుంది. ఆయన చెయ్యి చాపి కర్రని పట్టుకుని, ముందుకి ఒక్కసారి కదిపాడు. కర్ర ఆ వదులులో ఊరికే కదిలి, ఆ తర్వాత పట్టు అందుకుంది. ఆయన మళ్ళీ కదపలేదు. గెర్లిండ వెనక స్టూలు మీద కూర్చుని, చల్లారుతున్న కాఫీ పట్టుకుని చూసింది.

తెరలోంచి నాలుగు గొంతులు ఒకేసారి వినిపించాయి. కొండలు వచ్చాయి, అంచు మీద కోట వచ్చింది, దిగువన అడవి. ఐదు తెల్ల రెక్కల జతలు. ముందున్నది ఒట్మార్‌ది. కర్ర పైన చెయ్యి వణుకుతూనే ఉంది, వెనక కూర్చున్న ఆమెకి బాగా కనిపిస్తోంది. తెర మీద రెక్క మాత్రం గీత గీసినట్టు పోతోంది.

“ఒట్మార్, రానన్నావని విన్నాం,” అన్నాడు ఒయ్‌గెన్ అనే ఆయన.

“కర్ర రిపేరులో ఉండింది.”

“రెక్కలు ఇస్త్రీ చేసుకొచ్చావా ఏంటి? నా గ్లైడరు గేదెలా ఊగుతోంది ఇక్కడ.”

“నా వెనకే రా. నేర్చుకుంటావు.”

నలుగురూ నవ్వారు. ఒట్మార్ మెడ వెనక నరాలు బిగిసి ఉన్నవి మెల్లగా వదులయ్యాయి. గంటా పది నిమిషాలు ఎగిరాడు. కోట దగ్గర మలుపు తిరిగేటప్పుడు రెక్క వంచిన తీరు చూసి, విమానం మెట్లెక్కలేని గెర్లిండకి కూడా కడుపులో తిప్పలేదు. దింపేటప్పుడు చక్రం నేలకి తాకిన చప్పుడు కూడా వినిపించలేదు. ఆయన కర్రని వదిలి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఈసారి దాచుకోలేదు.

వెనక్కి తిరగకుండానే అన్నాడు, “సరిపోయింది.”

“ఊఁ,” అంది గెర్లిండ. కప్పులో మిగిలిన కాఫీ తాగేసి లేచింది. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక ఒక్కసారి ఆగి, ఎవరూ చూడటం లేదని చూసుకుని, పనికోటు ముందు భాగాన్ని రెండు చేతులతో కిందికి లాగి సర్దుకుంది. మేస్త్రీ ముద్ర అచ్చు ఇచ్చిన రోజున కూడా తనని తను అంత పెద్దదిగా అనుకుని ఉండదు.

ఇంటి దగ్గర చీపురు లేదు. రీకరమ్మ మెట్లన్నీ ఊడ్చి, పలకని మాత్రం తిరిగి గెర్లిండ తలుపుకే తగిలించింది, వచ్చేవారం కూడా ఆమెదేనని. గెర్లిండ పలకని తిన్నగా సర్ది లోపలికి వెళ్ళి, పప్పు వేడి చేసుకుంది.

ఒట్మార్ పోయింది పన్నెండు రోజుల తర్వాత, ఒక గురువారం మధ్యాహ్నం, నడుం వాల్చే వేళ. మిర్యానా వచ్చి లేపితే లేవలేదు. ఆ పన్నెండు రోజుల్లో తొమ్మిది రోజులు ఎగిరారని ఆమె చెప్పింది. పీఠం మరలు ఎలా విప్పాలో ఎవరికీ తెలియక గెర్లిండకే కబురు పెట్టారు. ఆమె వెళ్ళి విప్పింది. బంధువులెవరూ అడగలేదు, క్లబ్బు వాళ్ళు మీ దగ్గరే ఉంచండి అన్నారు. మామూలుగా ఆమె దగ్గరికి వచ్చిన కర్రని ముందు బిగిస్తుంది. దీన్ని బిగించలేదు.

ఇప్పుడది నేలమాళిగలో లేత్ పైన ఉన్న అరలో నిలబడి ఉంది. లేత్ తిరుగుతున్నంతసేపూ ఆ కర్ర పైకొన సన్నగా వణుకుతూ ఉంటుంది, కింద ముద్ర వేసిన ఇత్తడి బుష్ దాటి ఇరుసు మాత్రం కదలదు.